షో రింగ్‌లో పగ్గాలు లాగేసే గుర్రానికి ఏ బిట్ పెట్టాలి?

బిట్ అంటే కళ్ళెంలో గుర్రం నోట్లో ఉండే కడ్డీ. పెల్హమ్ (రెండు జతల పగ్గాలు, మీటలా తిరిగే పక్క కడ్డీలు ఉన్న గట్టి బిట్) కొనేముందు కాస్త ఆగండి. మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ: ఆరేళ్ళ గెల్డింగ్ (విత్తు కొట్టించిన మగ గుర్రం), రోజూ మధ్యలో ఒకే కీలున్న లూజ్ రింగ్ స్నాఫిల్‌తో పని (స్నాఫిల్ అంటే మీట లేని మామూలు బిట్, లూజ్ రింగ్ అంటే పక్క రింగులు తిరిగేది). సొంత ఎరీనాలో బుద్ధిగానే ఉంటుంది. షో రింగ్‌లోకి, అంటే పోటీ మైదానంలోకి వెళ్ళగానే తల ఎత్తేసి, నోరు తెరిచి, పగ్గాలు చేతిలోంచి లాగేస్తుంది. పెల్హమ్ పెడితే ఆగుతుందని ట్రైనర్ అన్నారు. ఇప్పుడు ఫ్లాట్ క్లాసుల్లో (దూకడాలు లేని పోటీలు) దిగుతున్నారు, వచ్చే సీజన్‌లో డ్రెస్సాజ్ (గుర్రం నడకల్నీ విధేయతనీ పరీక్షించే పోటీ) కూడా చేద్దామనుకుంటున్నారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీరు స్నాఫిల్‌లోనే ఉండండి. మార్చాల్సింది దాని మౌత్‌పీస్ (నోట్లో ఉండే భాగం), మందం, కొలత. ఎందుకంటే ఇంటి దగ్గర మీ చేతి మాట వింటున్న గుర్రానికి ఆగడం ఎలాగో తెలుసు. దాని నోట్లో ఏదో చిన్న ఇబ్బంది ఉండి ఉంటుంది. ఇంటి దగ్గర దాన్ని ఓర్చుకుంటోంది. షోలో కొత్త గుర్రాలు, మైకు మోత, మీ టెన్షన్, అన్నీ కలిసి దాని ఓపిక అయిపోతోంది. అలాంటప్పుడు ఇంకా గట్టి బిట్ పెడితే ఇబ్బంది పెరుగుతుందే తప్ప తగ్గదు. కొన్నాళ్ళు ఆగినట్టు కనిపించి, తర్వాత ఇంకో దారి వెతుక్కుంటుంది.

అన్నిటికన్నా ముందు పళ్ళు. దీన్ని దాటేసి బిట్ గురించి మాట్లాడటం వృథా. పై దవడలో నమిలే పళ్ళకి సరిగ్గా ముందు వుల్ఫ్ టీత్ అని చిన్న పళ్ళు కొన్ని గుర్రాలకి వస్తాయి. బిట్ తగిలేచోటే ఉంటాయి కాబట్టి చాలామంది కళ్ళెం అలవాటు చేసేముందే తీయించేస్తారు. తీసినప్పుడు ముక్క లోపల ఉండిపోయినా, చిగురు కింద పైకి రాకుండా దాక్కున్నా నొప్పి మిగిలే ఉంటుంది. మగ గుర్రాలకి నాలుగైదేళ్ళ వయసులో కోరపళ్ళు కూడా వస్తాయి. మీదానికి ఆరేళ్ళు కాబట్టి ఆ దశ దాటి ఉండాలి, అయినా చిగురు ఎలా ఉందో చూపించండి. ఇక నమిలే పళ్ళు. పైవాటికి బుగ్గ వైపు, కిందివాటికి నాలుక వైపు అంచులు అరిగి పదునెక్కుతాయి. బిగుతైన నోస్‌బ్యాండ్ (ముక్కు చుట్టూ కట్టే పట్టీ) బుగ్గని సరిగ్గా ఆ పదును మీదకే నొక్కుతుంది. పళ్ళ పని తెలిసిన వెట్ (పశువైద్యుడు) చేత, మౌత్ గ్యాగ్ (నోరు తెరిచి ఉంచే సాధనం) పెట్టి, లైటు వేసి చూపించండి. పైపైన పెదవి ఎత్తి చూస్తే ఇవేవీ కనబడవు.

పళ్ళు బాగున్నాయని తేలాక నోటి లోపలి ఆకారం మీరే చూడొచ్చు. ముందు పళ్ళకీ నమిలే పళ్ళకీ మధ్య పళ్ళు లేని ఖాళీ ఉంటుంది కదా, బార్స్ అంటాం, అక్కడే బిట్ ఉంటుంది. ఆ ఎముక మీద చర్మం చాలా పల్చన. వేలితో తడిమితే కొన్ని గుర్రాలకి గుండ్రంగా, కండగా తగులుతుంది, కొన్నిటికి కత్తి అంచులా సన్నగా తగులుతుంది. సన్నటి బార్స్ ఉన్న గుర్రానికి అక్కడ బరువు పడే బిట్ ఏదీ పనికిరాదు. ఏదైనా గరుకుగా, ఉబ్బెత్తుగా తగిలితే అది పాత దెబ్బ కావచ్చు, వెట్‌కి తప్పక చెప్పండి.

తర్వాత నాలుక. గుర్రం తాపీగా నిలబడి ఉన్నప్పుడు పక్కనుంచి పెదవులు మెల్లగా విడదీసి చూడండి, నోరు తెరవకూడదు. నాలుక బార్స్ మధ్యలో ఒదిగిపోయి ఉందా, లేక రెండు పక్కలా పొంగి బార్స్ మీదకి పొర్లుతోందా? ఆ తర్వాత చూపుడువేలు, నడిమివేలు ఒకదాని మీద ఒకటి వచ్చేలా పెట్టి, పక్కనుంచి బార్స్ దగ్గర నాలుకకీ అంగిలికీ మధ్య నెమ్మదిగా దూర్చండి. వేళ్ళు సులువుగా పట్టాయంటే లోపల చోటు ఉన్నట్టు. దూర్చగానే పైనా కిందా ఒత్తుతున్నట్టు అనిపిస్తే చోటు లేనట్టే. నేను చూసినవాటిలో ఎక్కువ గుర్రాలది ఈ రెండో రకం నోరు. నోరు మూసుకున్నప్పుడు నాలుకే లోపలంతా నిండి ఉంటుంది. బిట్‌కి విడిగా చోటంటూ పెద్దగా లేదు. మనం పెట్టే లోహం నాలుకని నొక్కి చోటు చేసుకోవాల్సిందే.

ఇది అర్థమైతే మందం గురించి అందరూ చెప్పే మాట ఎక్కడ తప్పుతుందో కూడా అర్థమవుతుంది. "లావు బిట్ మెత్తన, సన్న బిట్ కఠినం" అంటారు. సగం నిజం. లావు బిట్‌తో ఒత్తిడి ఎక్కువ మేర పరుచుకుంటుంది, నిజమే. కానీ నోట్లో చోటే లేనప్పుడు 20 మి.మీ. మౌత్‌పీస్ పెడితే గుర్రం పెదవులు మూయలేదు, సరిగ్గా మింగలేదు, నాలుక ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి లాక్కుంటుంది. పైనుంచి చూసేవాళ్ళకి అది నోరు తెరిచి ఎదురు తిరిగినట్టు కనిపిస్తుంది. ఇలాంటి గుర్రాలకి 18 నుంచి 14 మి.మీ.కి తగ్గించగానే నోరు మూసుకోవడం నేను చాలాసార్లు చూశాను. మరీ సన్నగా వెళ్ళమని నేను అనను. 14 నుంచి 16 మి.మీ. మధ్య మొదలుపెట్టండి. ఈ మందాన్ని రింగ్ పక్కన, మౌత్‌పీస్ మొదట్లో కొలవాలి, మధ్యలో కాదు.

మీ ఇప్పటి బిట్ సంగతికి వస్తే, ఒకే కీలున్న స్నాఫిల్‌తో రెండు పగ్గాలూ ఒకేసారి లాగితే అది మడత పడుతుంది. బిట్ నాలుకలోకి దిగుతుంది, రెండు సగాలు నాలుక పక్కల్నీ బార్స్‌నీ నొక్కుతాయి. హిలరీ క్లేటన్ అనే పరిశోధకురాలు ఎక్స్-రే వీడియోలతో గుర్రం నోట్లో బిట్ ఎలా కదులుతుందో చూపించారు. గుర్రం దాన్ని నాలుకతో ఎత్తి పట్టుకోవడం, వెనక్కి నెట్టడం అందులో కనిపిస్తాయి. అంటే బిట్ మనం పెట్టినచోట ఊరికే పడి ఉండదు. గుర్రం తనకి కుదిరినట్టు సర్దుకుంటూనే ఉంటుంది. అంగిలి ఎత్తుగా ఉన్న గుర్రానికి ఒకే కీలు పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు. అంగిలి కిందికి ఉండి నాలుక లావైతే మాత్రం పగ్గాలు బిగిసినప్పుడు కీలు ఇబ్బంది పెట్టవచ్చు, గుర్రం తల ఎత్తేయవచ్చు. మీరు చెప్పిన లక్షణం ఇదే కదా.

అందుకే నా మొదటి సూచన రెండు కీళ్ళ స్నాఫిల్, మధ్యలో లాజెంజ్ అనే గుండ్రటి చిన్న ముక్క ఉన్నది. అది నాలుక మీద పరుచుకుని కూర్చుంటుంది. కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మధ్య ముక్క చదునైన పలకలా ఉండి, ఏటవాలుగా నాలుకలోకి అంచు దిగేట్టుంటే అది డాక్టర్ బ్రిస్టల్. చూడటానికి ఫ్రెంచ్ లింక్‌లాగే (మధ్య ముక్క నాలుక మీద చదునుగా ఆనే రెండు కీళ్ళ స్నాఫిల్) ఉంటుంది, పని వేరు, చాలా గట్టిది. డ్రెస్సాజ్‌లో చెల్లదు కూడా. మీ గుర్రం నోట్లో ఏ చిన్న కదలికా ఓర్చుకోని రకమైతే, కీలు లేకుండా కొంచెం వంపు తిరిగిన మల్లెన్ మౌత్ ప్రయత్నించవచ్చు. అది నిలకడగా ఉంటుంది. దాని చిక్కు ఏమిటంటే, బరువుగా పగ్గాల మీద వాలే అలవాటున్న గుర్రానికి ఇంకా హాయిగా వాలే వీలిస్తుంది.

కొలత. మీరు రాసిన 5 అంగుళాలు, అంటే 12.7 సెం.మీ., ఎలా వచ్చిందో చెప్పలేదు. చాలామంది పాత బిట్ సైజే కొంటూ పోతారు. ఒక సన్నటి నున్నని కర్ర తీసుకుని బిట్ ఉండేచోట నోట్లో అడ్డంగా పెట్టండి. రెండు పక్కలా పెదవుల బయటి అంచు దగ్గర గుర్తు పెట్టి కొలవండి. లూజ్ రింగ్ అయితే ఒక్కో పక్క 5 మి.మీ. వరకు అదనంగా ఉండాలి, లేకపోతే రింగ్ తిరిగే రంధ్రంలో పెదవి మూల నలుగుతుంది. ఎగ్‌బట్, డీ రింగ్ లాంటి, పక్క రింగులు తిరగని బిట్లకి అంతకన్నా బిగువుగా, పెదవిని నొక్కకుండా ఆనుకున్నట్టు ఉంటే సరి. ఒకే కీలున్న బిట్ మరీ వెడల్పైతే కీలు కిందికి జారి నాలుక మధ్యలో వేలాడుతుంది, ఒక పగ్గం లాగితే మొత్తం ఒక వైపుకి జారిపోతుంది. పావు అంగుళం తేడాకే గుర్రం ప్రవర్తన మారిపోవడం మామూలే.

ఎంత ఎత్తులో పెట్టాలంటే, పెదవి మూలలో ఒకటి రెండు ముడతలు పడాలనే పాత లెక్క మొదలుపెట్టడానికి పనికొస్తుంది. దాన్నే పట్టుకుని కూర్చోకండి. కొన్ని గుర్రాల పెదవులు కండగా ఉండి బిట్ లేకపోయినా ముడత పడతాయి. మీదానికి కోరపళ్ళు ఉంటాయి కాబట్టి బిట్ వాటికి తగలకూడదు. మూలల్ని పైకి ఈడ్చకూడదు. గుర్రం దాన్ని నాలుకతో ఎత్తి పట్టుకుంటూ నమిలేస్తుంటే కళ్ళెం చెంప పట్టీని ఒక రంధ్రం పైకి కట్టి చూడండి.

లూజ్ రింగా, ఎగ్‌బట్టా అన్నదానికి పోట్లాటలు చూస్తుంటాను. లూజ్ రింగ్‌లో బిట్ ఆడుతూ ఉంటుంది, కాబట్టి గుర్రం దాని మీద వాలలేదు. ఎగ్‌బట్ నిశ్చలంగా ఉంటుంది, చేతి వణుకు కొంత తక్కువ చేరుతుంది. షోలో మీకే టెన్షన్ ఎక్కువై చేతులు బిగుస్తున్నాయని మీరే రాశారు. ఆ ఒక్క కారణానికే మీకు నేను ఎగ్‌బట్ చెబుతాను.

లోహం గురించి ఎక్కువ ఆలోచించకండి. స్టెయిన్‌లెస్ స్టీల్ చాలు. రాగి కలిసినవి, స్వీట్ ఐరన్ (తుప్పు పట్టే మామూలు ఇనుము) కొన్ని గుర్రాలు ఇష్టంగా నోట్లో పెట్టుకుంటాయి, లాలాజలం ఊరుతుంది. రబ్బరు, ప్లాస్టిక్ అయితే ప్రతిసారీ అంచులు తడిమి చూసుకోవాలి, నమిలి చీల్చిన ముక్క నోరు కోస్తుంది.

ఇక పెల్హమ్. అది చెడ్డ బిట్ అని నేను అనడం లేదు. హంటర్ క్లాసుల్లో, జంపింగ్‌లో మంచి చేతుల్లో చక్కగా పనిచేస్తుంది. అది ఎలా పనిచేస్తుందో తెలిశాక నిర్ణయించుకోండి. స్నాఫిల్‌లో మీరు ఎంత లాగితే అంతే నోటికి చేరుతుంది. పెల్హమ్ కింది పగ్గం లాగితే చెంప కడ్డీ మీటలా తిరుగుతుంది. గడ్డం కింది కర్బ్ చెయిన్ బిగుస్తుంది, చెవుల వెనక పట్టీ కిందికి లాగుతుంది, మౌత్‌పీస్ నాలుకనీ బార్స్‌నీ నొక్కుతుంది. మౌత్‌పీస్ పైన కడ్డీ 4 సెం.మీ., కింద 8 సెం.మీ. ఉంటే మీ లాగుడు గడ్డం కింద సుమారు రెట్టింపు అవుతుంది. మీ చేయి వణికితే ఆ వణుకూ అంతే పెరుగుతుంది. షోలో చేయి బిగిసే రైడర్‌కి ఇది ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

ఇంకో సంగతి. ఇలాంటి గుర్రానికి కర్బ్ (ఇలా మీటలా పనిచేసే బిట్) పెట్టగానే తల దించేస్తుంది. మెడ వంచి, గడ్డం ఛాతీ వైపు ముడుచుకుంటుంది. ఫొటోలో ముచ్చటగా ఉంటుంది. దగ్గరికెళ్ళి చూడండి: పగ్గాలు వదులుగా వేలాడుతుంటాయి, పై పెదవి బిగుసుకుని ఉంటుంది, ముక్కు నిలువు గీతకి వెనక్కి వెళ్ళిపోయి ఉంటుంది, అడుగులు పొట్టిగా పడతాయి. అది బిట్‌కి లొంగడం కాదు, బిట్ నుంచి దాక్కోవడం. ఒకసారి ఇలా దాక్కోవడం నేర్చిందంటే మళ్ళీ ధైర్యంగా కాంటాక్ట్ (పగ్గాల ద్వారా చేతితో నిలకడైన స్పర్శ) తీసుకునేలా చేయడానికి నెలలు పడుతుంది. మీరు డ్రెస్సాజ్ అనుకుంటున్నారు కాబట్టి ఇది మరీ ముఖ్యం.

డ్రెస్సాజ్‌లో అసలు పెల్హమ్ చెల్లదు. అక్కడ స్నాఫిల్, ఆ పైన పెద్ద స్థాయిలో డబుల్ బ్రైడిల్, అంటే ఒక కర్బ్, బ్రడూన్ అనే సన్నటి స్నాఫిల్ రెండూ ఉన్న కళ్ళెం. ఎఫ్‌ఈఐ (అంతర్జాతీయ గుర్రపు క్రీడల సమాఖ్య) నిబంధనల్లో డబుల్ బ్రైడిల్ కర్బ్‌కి కనీస మందం 12 మి.మీ., బ్రడూన్‌కి 10 మి.మీ., కర్బ్ మీట పొడవు 10 సెం.మీ.కి మించకూడదు. వెస్టర్న్ (అమెరికన్ కౌబాయ్ శైలి స్వారీ) క్లాసుల లెక్కే వేరు. అమెరికన్ క్వార్టర్ హార్స్ అసోసియేషన్ షోల్లో ఐదేళ్ళు, అంతకన్నా చిన్న గుర్రాలకే సాధారణంగా స్నాఫిల్ ఒప్పుకుంటారు. ఆరేళ్ళు, ఆపైన ఉన్నవాటికి సాధారణంగా కర్బ్ పెట్టి ఒంటి చేత్తో పగ్గాలు పట్టాలి, కర్బ్ మొత్తం పొడవు ఎనిమిదిన్నర అంగుళాలు దాటకూడదు. కాబట్టి బిట్ కొనేముందు మీ క్లాసు ఈ ఏటి రూల్ పుస్తకం తెరిచి బొమ్మలు పోల్చుకోండి. దుకాణంలో "డ్రెస్సాజ్ లీగల్" అని రాసి ఉంటే నమ్మేయకండి. అనుమానం ఉంటే ఫొటో తీసి షో నిర్వాహకులకి ముందుగా పంపండి.

ఎప్పుడైనా కర్బ్ అవసరం పడితే పగ్గాలు రెండు జతలూ పెట్టుకోండి, పై పగ్గంతోనే స్వారీ చేస్తూ కింది పగ్గం ఊరికే వేలాడనివ్వండి. కర్బ్ చెయిన్‌ని తిప్పి తిప్పి చదునుగా చేసి గడ్డం కింద గాడిలో పడేలా తగిలించండి. పగ్గం లాగినప్పుడు కడ్డీ సుమారు 45 డిగ్రీలు తిరిగాక చెయిన్ బిగియాలి. కడ్డీ పొట్టిదైతే మెత్తన అనుకోకండి. పొట్టి కడ్డీ వెంటనే కొరుకుతుంది. పొడుగు కడ్డీ తిరగడానికి సమయం తీసుకుంటుంది కాబట్టి గుర్రానికి ముందే కబురు అందుతుంది, కానీ చివరికి పడే బలం దానిదే ఎక్కువ.

నోరు తెరుస్తోందని నోస్‌బ్యాండ్ బిగించే సలహా మీకు తప్పకుండా ఎవరో ఒకరు ఇస్తారు. దయచేసి వినకండి. ముక్కు ఎముక పైన, పక్కన కాదు, రెండు వేళ్ళు సులువుగా దూరాలి. నోరు తెరవడం గుర్రం మనకి చెప్పే మాట. దాన్ని కట్టేస్తే నొప్పి పోదు, కనబడకుండా పోతుంది. తర్వాత అది నాలుక బిట్ పైకి తీసేయడం మొదలుపెడుతుంది, ఆ అలవాటు మాన్పించడం నాకు తెలిసిన కష్టమైన పనుల్లో ఒకటి.

కొత్త బిట్ ఎలా పరీక్షించాలో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. కొత్తది పెట్టిన మొదటి రెండు మూడు రోజులు దాదాపు ప్రతి గుర్రమూ బాగానే వెళ్తుంది. ఒత్తిడి వేరే చోట పడుతుంది, పాత నొప్పికి కాస్త విశ్రాంతి దొరుకుతుంది. అప్పుడే "అద్భుతం" అని రాసేయకండి. మిగతాదేదీ మార్చకుండా, అదే జీను, అదే రైడర్, అదే పని, కనీసం రెండు వారాలు చూడండి. పక్కనుంచి ఒకరిని ఫోన్‌లో వీడియో తీయమనండి, ముఖ్యంగా ట్రాట్ (దుడుకు నడక) నుంచి వాక్‌కి (మామూలు నడక), క్యాంటర్ (నెమ్మది దౌడు) నుంచి ట్రాట్‌కి దిగేచోట. పగ్గం తగిలే ఆ క్షణంలో నోరు, చెవులు, తోక ఏం చేస్తున్నాయో అందులో దొరుకుతుంది. వారం తర్వాత తీసిన వీడియోకీ మొదటిరోజు వీడియోకీ తేడా ఉంటే వారం తర్వాతదే నమ్మండి.

స్వారీ అయ్యాక కళ్ళెం తీసిన వెంటనే తడిపిన తెల్ల గుడ్డతో పెదవి మూలలు లోపలి వైపు మెల్లగా తుడవండి. గుడ్డ మీద లేత గులాబీ చార కూడా ఉండకూడదు. బయటికి ఏమీ కనబడని చోట కూడా గుడ్డ చెబుతుంది. వెంట్రుకలు రాలి తెల్లబడిన మచ్చ ఉంటే అది పాత రాపిడి. నోట్లో కొంచెం నురగ మంచిదే. చొంగ ధారగా కారిపోతుంటే సంతోషించకండి, మింగలేకపోతోందని అర్థం కావచ్చు. డ్రెస్సాజ్‌లో అయితే నోట్లో రక్తం కనబడితే పోటీ నుంచి తీసేస్తారు.

షో టెన్షన్ సంగతి బిట్‌తో తీరేది కాదు. పోటీకి పేరివ్వకుండా గుర్రాన్ని ఒకటి రెండు షోలకి తీసుకెళ్ళండి. వార్మప్ దగ్గర చేత్తో నడిపించండి, గడ్డి తిననివ్వండి, వీలైతే ఎక్కి వాక్‌లో పెద్ద వలయాలు తిప్పి తీసుకొచ్చేయండి. అక్కడ కూడా అదే స్నాఫిల్ ఉండాలి. షో రోజున మాత్రమే గట్టి బిట్ పెట్టే పద్ధతి నాకు నచ్చదు: అసలే కంగారుగా ఉన్న గుర్రానికి ఆ రోజే నోట్లో కొత్త బాధ. దాణా, జీను అమరిక, వెన్ను కూడా ఒకసారి చూపించండి. వెన్ను నొప్పి ఉన్న గుర్రం కూడా అచ్చం ఇలాగే తల ఎత్తి పరిగెడుతుంది.

ట్రైనర్‌తో గొడవ పెట్టుకోనక్కర్లేదు. "ముందు పళ్ళు చూపించి, రెండు వారాలు లాజెంజ్ స్నాఫిల్‌తో చూద్దాం, కుదరకపోతే మీరు చెప్పింది చేద్దాం" అనండి. పని తెలిసిన ట్రైనర్ ఎవరూ దీనికి కాదనరు. వెట్ చూశాక ఏమన్నారో, వేళ్ళు పెట్టి చూస్తే నాలుక ఎలా అనిపించిందో, కర్రతో కొలిచిన వెడల్పు, ఇప్పటి బిట్ మందం ఎంతో ఇక్కడే రాయండి. వీలైతే కళ్ళెం కట్టి ఉన్నప్పుడు పక్కనుంచి తీసిన ఫొటో ఒకటి పెట్టండి. అవి చూశాక 14 తీసుకోవాలా 16 తీసుకోవాలా, ఏ సైజు అన్నది తేల్చి చెబుతాను.